వంతెన మీద నలభై నిమిషాలు

హుఫూఫ్, సౌదీ అరేబియా,
ఆదివారం.

చిరంజీవి ప్రసాదుకు,

పెద్దక్క దీవెనలు. నువ్వు, సుజాత, పిల్లలు ఒంట్లో బాగుండి వేళకి తింటున్నారని అనుకుంటున్నాను. ఇక్కడ నేనూ మీ బావగారూ కులాసాగానే ఉన్నాం. నా మోకాలి నొప్పి తగ్గింది. బెంగ పెట్టుకోకు.

ఇదంతా ఫోన్లో చెప్పవచ్చు. కానీ ఫోన్లో అయితే నువ్వు సగంలోనే "వదిలెయ్ అక్కా" అంటావు. కాగితానికి అడ్డు రాలేవు. చదివాక ఈ ఉత్తరం సుజాత వాళ్ళ అన్నయ్యగారి చేతికి ఇయ్యి. ఆయన కోసమే నీకు తెలిసిన సంగతులు కూడా మొదటినుంచి రాస్తున్నాను. విసుక్కోకుండా చదువు.

నిన్న శనివారం పొద్దున ఎప్పటిలాగే నాలుగున్నరకి లేచాను. స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టాను. ఇక్కడ మాకు దేవుడి గది అంటే బట్టల బీరువాలో పై అర. దీపం కొండెక్కేదాకా తలుపు వేయను, చీరలు అంటుకుంటాయని. అక్కడే స్టూలు వేసుకుని కూచుంటాను. కూచుని కూచుని కొన్నాళ్ళకి అదే జపం అయిపోయింది. తర్వాత బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. చింతపండు పులుసు రాత్రే కాచి ఉంచాను కాబట్టి పోపు వేసుకుంటే పులిహోర అయిపోయింది. మీ బావగారికి బీపీ మాత్ర, మంచినీళ్ళు బల్ల మీద పెట్టాను. కిటికీ తీస్తే వేడిగాలి, దాంతోపాటు పక్క తోటలోంచి పండిన ఖర్జూరాల వాసన. ఇప్పుడు ఇక్కడ కోతలు. కింది వాటాలో భాస్కరం దగ్గుతూ లలితని టీ అడగడం వినిపించింది. ఈ ఇంట్లో అన్ని శనివారాలూ అలాగే మొదలవుతాయి. తేడా ఒక్కటే. నిన్న కారు తాళం నా చేతిసంచిలో ఉంది.

అన్నయ్యగారూ, మీకు భాస్కరం ఎవరో తెలియదు. మావారి తమ్ముడు. లలిత అతని భార్య, నా తోడికోడలు. మూడేళ్ళ క్రితం అతనూ ప్రసాదూ కువైట్ సరిహద్దు దగ్గర ఖఫ్జీలో ఒకే కంపెనీలో, ఒకే గదిలో ఉండేవారు. ప్రసాదు ఏసీ మెకానిక్, నైట్ డ్యూటీ. భాస్కరం స్టోరు చూసేవాడు, పగటి డ్యూటీ. ఒకరోజు కంపెనీ వాళ్ళు గదులు తనిఖీ చేస్తే ప్రసాదు మంచం కింద ఇంట్లో కాచిన బీరు సీసాలు దొరికాయి. ఈ దేశంలో అది ఎంత తప్పో మీకు చెప్పనక్కర్లేదు. "నాకు తెలియదు" అన్నాడు ప్రసాదు. "వాడిదే, నేను ఎన్నోసార్లు వద్దని చెప్పాను" అన్నాడు భాస్కరం. మావారు ఇక్కడినుంచి పరుగున వెళ్ళి, మేనేజరు కాళ్ళావేళ్ళా పడి, పోలీసుల దాకా పోకుండా ఆపారు. వారంలో ప్రసాదుకి ఫైనల్ ఎగ్జిట్ కొట్టి పంపేశారు. ఇంక ఆ కంపెనీకి తిరిగి రావడానికి లేదని అర్థం.

ఆ రోజు భాస్కరం తన తల్లి మీద ఒట్టు వేసి మావారికి చెప్పాడు. మావారు తమ్ముణ్ణి నమ్మారు. నేను నా తమ్ముణ్ణి నమ్మాను. ఈ మూడేళ్ళూ ఒకే కప్పు కింద ఆ రెండు నమ్మకాలూ వేరువేరు పళ్ళేల్లో అన్నం తిన్నాయి.

ఊళ్ళో వీణ్ణి "సారా బట్టీ ప్రసాదు" అంటున్నారని నాకు తెలుసు. మీరు చెల్లెలి గడప తొక్కడం మానేశారని తెలుసు. మీ తప్పు లేదు. ఎవరైనా అంతే చేస్తారు. ఇక్కడ మావారి కంపెనీలోనే ఏసీ సూపర్వైజరు ఖాళీ వచ్చినప్పుడు, "ప్రసాదు పేరు ఇవ్వండి" అని నేను అడిగితే, "నా నోటితో వాడి పేరు ఎలా చెప్పను అన్నపూర్ణా?" అన్నారు. నేను మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు నీతో మాట్లాడుతున్నాను ప్రసాదూ.

నీకు తెలియనిది ఒకటుంది. ఆ రోజుల్లో భాస్కరం ఖఫ్జీ నుంచి శుక్రవారాలు వచ్చినప్పుడల్లా నాచేత ఈస్ట్ ప్యాకెట్లు కొనిపించేవాడు. "లలిత బన్నులు చేస్తుంది వదినా, నువ్వు ఆసుపత్రి నుంచి వస్తూ తీసుకురా" అనేవాడు. నేను తెచ్చి ఇచ్చేదాన్ని. పోయిన ఏడాది ఒకరోజు మాటల్లో లలితని "ఈమధ్య బన్నులు చేయట్లేదేం?" అని అడిగాను.

"ఏం బన్నులక్కా? మా ఇంట్లో ఓవెన్ ఎక్కడిది?" అంది.

నేను బెండకాయలు తరుగుతున్నాను. తరగడం ఆపలేదు. కానీ బీరు పులియడానికీ ఆ ఈస్టే కావాలి. ఆ రోజు నాకు అంతా తెలిసిపోయింది. నిన్ను పంపేసిన పాపంలో నా చేతులు కూడా ఉన్నాయని కూడా తెలిసింది.

మీ బావగారికి అప్పుడే చెప్పి ఉంటే భాస్కరం ఇంకో ఒట్టు వేసేవాడు. అందుకని ఊరుకున్నాను. దీపం ముందు కూచుని దేవుణ్ణి ఒకటే కోరాను. అతని నోటితోనే రావాలి, అతని అన్న చెవిన పడాలి. క్షమించే మనసు ఇమ్మని మాత్రం అడగలేదు. అడిగితే ఇచ్చేస్తాడేమోనని భయం.

భాస్కరానికి బీరంటే ఎంత పిచ్చో నీకు తెలుసు. రెండు మూడు నెలలకోసారి అన్నని వెంటబెట్టుకుని సముద్రం మీది వంతెన దాటి బహ్రెయిన్ వెళ్ళేవాడు. అక్కడ తాగడం తప్పు కాదు. కొత్త రకం బీరు ఎక్కడ దొరికితే అక్కడికి. కానీ కళ్ళ ఆపరేషన్ అయ్యాక మీ బావగారు దూరాలు నడపరు. తిరుగుదారిలో భాస్కరమే నడపాలి కాబట్టి ఒక్క గ్లాసుతో ఆపేవాడు. ఒక్క గ్లాసుకి అతని నోరు విప్పుకోదు. మూడు కావాలి. మూడు తాగాలంటే బండి ఇంకొకరు నడపాలి.

నేను డ్రైవింగ్ నేర్చుకున్నది అందుకు. యాభై నాలుగేళ్ళ వయసులో, డయాలసిస్ వార్డులో డ్యూటీ దిగి, ఎండలో ఆ కోన్ల మధ్య వెనక్కీ ముందుకీ. "వదిన స్టీరింగ్ పట్టిందంటే ఒంటెలు కూడా రోడ్డు దిగిపోతాయి" అని భాస్కరం నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. లైసెన్సు వచ్చాక వంతెనకి ఇవతల ఉన్న ఖోబర్ దాకా పదిసార్లు వెళ్ళొస్తే చెయ్యి తిరిగింది. అప్పుడు అన్నాను, "ఈసారి నలుగురం వెళ్దాం భాస్కరం. నేను నడుపుతాను. నువ్వు హాయిగా తాగు" అని.

"మా వదినేనా ఈ మాటంటున్నది!" అని చంకలు గుద్దుకున్నాడు.

ఆరున్నరకి బయల్దేరాం. ఖోబర్ సముద్రపొడ్డున చాప పరుచుకుని పులిహోర తిన్నాం. వంతెన దాటేసరికి పది దాటింది. అటూ ఇటూ నీళ్ళు, మధ్యలో తారు. చూడటానికి బాగుంటుంది. నువ్వు ఉండగా ఒక్కసారైనా తీసుకెళ్ళలేకపోయాం.

మొదటి చోటు ఒక హోటల్లో కింది అంతస్తు. మధ్యాహ్నమే చీకటిగా ఉంది. నాకూ లలితకీ నిమ్మరసం. భాస్కరం నల్లటి బీరు తెప్పించుకుని మీ బావగారికి పాఠం మొదలుపెట్టాడు.

"ఇది తాగేది కాదన్నయ్యా, నమిలేది. చూడు, నురగ మీద రూపాయి పెడితే మునగదు."

"నీ చదువు మీద ఈ శ్రద్ధ ఉంటే కలెక్టరువి అయ్యేవాడివిరా" అన్నారు మీ బావగారు. తను ఒక గ్లాసు తీసుకుని అక్కడున్నంతసేపూ దాన్నే కూచోబెట్టారు.

రెండో చోట చెక్క పలక మీద చిన్న చిన్న గ్లాసులు నాలుగు వరసగా తెచ్చి పెట్టారు. ఒకటి పసుపు, ఒకటి తేనెరంగు, ఒకటి మబ్బు, ఒకటి ఎర్రన. ఒక్కొక్కటీ వాసన చూసి, పుక్కిట పట్టి, కళ్ళు మూసుకుని రుచి చెప్పాడు. ఒకదాంట్లో నారింజ తొక్క ఉందట. ఇంకొకదాంట్లో పొగ ఉందట.

"మా ఆయన నా సాంబారుకి ఇన్ని వంకలు పెట్టలేదక్కా" అంది లలిత.

"ఇంకోటి తీసుకో భాస్కరం. తాళం నా దగ్గరుంది" అన్నాను.

"వదినా, నువ్వు దేవతవి."

"కాదు" అన్నాను. అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు.

మూడో చోటే నేను అనుకున్న చోటు. అక్కడ బీరు అక్కడే కాస్తారు. అద్దం గోడ వెనక పెద్ద పెద్ద రాగి పాత్రలు, స్టీలు డ్రమ్ములు. మాకు వడ్డించిన మనిషి జగిత్యాల వాడు, పేరు మల్లేశం. నా వయసే ఉంటుంది, తల నెరిసింది. తెలుగు వినగానే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇగో సార్, గీ డ్రమ్ములల్లనే పులుస్తది. రెండు వారాలు పడ్తది" అన్నాడు.

"రెండు వారాలా? ఎవరు చెప్పారయ్యా నీకు? నాలుగు రోజులు చాలు" అన్నాడు భాస్కరం. అప్పటికి అది ఎన్నో గ్లాసో లెక్క పెట్టడం మానేశాను. మూడు మాత్రం దాటింది.

"గట్ల కాదు సార్. తొందరపడితె సీసలు పల్గుతయ్."

"పగలకుండా ఎలాగో నేను చెప్తాను విను. రోజుకోసారి మూత కాస్త వదులు చేసి గాలి తియ్యాలి. మాల్ట్ డ్రింకు, పంచదార, ఈస్ట్. అంతే. ఖఫ్జీలో నేను కాచిన సరుకుకి కువైట్ బోర్డరు దాకా పేరయ్యా!"

"సౌదీల ఉండి కాసినవా సార్? నీ గుండె మస్తు గట్టిది పో!"

మెచ్చుకోలు కదా. భాస్కరం ఛాతీ పొంగింది. మీ బావగారు అతని వైపు తిరిగారు. నేను నిమ్మరసం కింద పెట్టాను. అడగాల్సినవి మూడే. ఏడాదిగా నోట్లో నాన్చినవి.

"ఈస్ట్ ఎక్కడిది భాస్కరం?"

"నువ్వు కొన్నదే కదా వదినా!" పకపకా నవ్వాడు. "బన్నులకని."

లలిత చేతిలో గ్లాసు బల్లకి తగిలింది. "అందుకా అక్క నన్ను బన్నులడిగింది" అంది, ఎవరితోనూ కాకుండా.

"మరి సీసాలు ఎక్కడ దాచేవాడివి?"

"అదే కదా తెలివి! నా మంచం కింద పెడితే దొరికిపోనూ? నైట్ డ్యూటీ వాడి మంచం కింద పెట్టాలి. వాడు పగలంతా దాని మీదే ముసుగేసుకుని పడుకుంటాడు. తనిఖీకి వచ్చినవాడు కూడా పాపం అలిసిపోయాడని లేపడు."

"ఆ నైట్ డ్యూటీ ఎవరిది?"

అప్పుడు ఆగాడు. అన్న మొహంలోకి చూశాడు.

"ప్రసాదుది" అన్నారు మీ బావగారు.

ఆయన గొంతు నేను ముప్పై ఏళ్ళుగా వింటున్నాను. అలా ఎప్పుడూ వినలేదు.

"అన్నయ్యా, అదంతా ఎప్పటి సంగతి..."

"అమ్మ మీద ఒట్టేశావు కదరా."

"ఉద్యోగం పోతుందని భయం వేసింది అన్నయ్యా. వాడు కుర్రాడు, ఇంకోటి చూసుకుంటాడులే అనుకున్నాను."

"వాడికి ఇద్దరు పిల్లలు" అంది లలిత. "మనకి ఎవరున్నారని నీకంత భయం?" ఆ మాట ఆమె అనకుండా ఉండాల్సింది. కానీ అంది.

మల్లేశం మా మొహాలు చూసి "బిల్లు దేవాల్నా సార్?" అన్నాడు మెల్లిగా.

నేను ఒక్క పెద్ద మాట కూడా అనలేదు ప్రసాదూ. తిట్టడానికి నాకు మాటలు రావు. లేచి వెళ్ళి బండి స్టార్టు చేశాను.

మధ్యాహ్నం నాలుగవుతుండగా వంతెన ఎక్కాం. మధ్యలో దీవి ఉంది. సౌదీలోకి వచ్చే బళ్ళన్నీ అక్కడ వరసకట్టి ఒక్కొక్క కిటికీ దగ్గరా ఆగాలి. నిన్న వరస పొడుగ్గా ఉంది. భాస్కరం నా వెనక సీట్లో ఉన్నాడు. మత్తు సగం దిగినట్టుంది. లేదు, దిగేలా చేసింది భయమేనేమో.

నేను అద్దంలో చూస్తూ అన్నాను. "భాస్కరం, ఆ కిటికీలో కూచున్న మనిషితో నేనొక్క మాట అంటే చాలు. వెనక సీట్లో ఉన్నవాడు తాగి ఉన్నాడు, ఖఫ్జీలో కాచేవాడట అని. నువ్వు మా వాడి గురించి అన్నట్టే. ఒక్క మాట."

"వదినా!"

"నేను ఇంకా నిర్ణయించుకోలేదు. వరస కదలనీ."

"అన్నయ్యా, చెప్పు అన్నయ్యా వదినకి" అన్నాడు. మీ బావగారు సముద్రం వైపు చూస్తున్నారు. తిరగలేదు. లలిత కొంగు నోట్లో కుక్కుకుంది.

నలభై నిమిషాలు పట్టింది. ఒక్కొక్క బండి కదిలినప్పుడల్లా వెనకనుంచి "వదినా, నీ కాళ్ళు పట్టుకుంటాను" అని వినిపించేది. నేను క్లచ్ లేని బండిని మెల్లగా ముందుకి జరుపుతూ, నువ్వు ఆ మేనేజరు గది బయట బెంచీ మీద కూచున్న రోజు తలుచుకున్నాను. ఎంతసేపు కూచున్నావో నువ్వు నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. నిన్న మాత్రం ఒక్క నిమిషం కూడా తగ్గించాలని అనిపించలేదు. మా వంతు వచ్చే ముందు పక్క వరస ఖాళీ అయింది. అటు మారితే ఇంకా ముందే అయిపోయేది. మారలేదు.

కిటికీలో మనిషి మా ఇకామా కార్డులు, అంటే ఈ దేశంలో ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డులు తీసుకుని, వంగి లోపలికి చూశాడు. నల్లగడ్డం, మంచి మొహం. "సబ్ ఠీక్, మామా?" అన్నాడు నాతో, అంతా బాగేనా అమ్మా అని. కార్డులు నా చేతికి ఇచ్చాడు. నేను వాటిని ఒక్కొక్కటిగా సంచిలో పెట్టుకున్నాను. నాలుగోది భాస్కరానిది. దాన్ని కాసేపు చూశాను.

"సబ్ ఠీక్" అన్నాను.

ఇది దయ అనుకోకు. అతను ఇక్కడ జైల్లో కూచుంటే అక్కడికి వచ్చి నీ సంగతి చెప్పే మనిషి ఉండడు. అంతే.

ఆ నలభై నిమిషాలూ నాకు సుఖంగా ఉంది. ఈ పొద్దున దీపం ముందు దేవుడికి కూడా అదే చెప్పుకున్నాను. చెప్పాక మనసు తేలికపడలేదు. బరువూ ఎక్కలేదు.

ఇంకేం రాయను. ఆసుపత్రిలో పని ఎప్పటిలాగే ఉంది. పేషెంట్లలో ఒక ముసలాయన తోట ఖర్జూరాలు ఇచ్చాడు. ఈ ఉత్తరం తెచ్చే ఆయన చేత పిల్లలకి ఒక డబ్బా పంపుతున్నాను. వచ్చేటప్పుడు ఆయన చేతికి దూది వత్తులు ఒక కట్ట, వీలైతే సుజాత పెట్టిన మాగాయ కొంచెం ఇచ్చి పంపు. మాగాయ నాకు కాదు, మీ బావగారికి. ఎండలు ఇంకో రెండు నెలలు ఉంటాయి. జాగ్రత్తగానే ఉన్నాను. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పి, నా తరఫున ఆవిడ ఆశీర్వచనం తీసుకో. అన్నయ్యగారికీ నమస్కారాలు. పిల్లలకి ముద్దులు.

నిన్న సాయంత్రం ఇల్లు చేరాక నలుగురం హాల్లో కూచుని అనుకున్నవి ఇవి.

మొదట మీ బావగారు మాట్లాడారు. "తప్పు వాడొక్కడిదే కాదు, వాడి మాట నమ్మింది నేను" అన్నారు. సోమవారం పొద్దునే తన కంపెనీలో నీ పేరు తనే ఇస్తారు. రావడం మానడం నీ ఇష్టం. ఈ ఉత్తరం కింద తన సంతకం కూడా పెడతానన్నారు.

పై నెలలో భాస్కరం అమలాపురం వస్తాడు. అన్నయ్యగారి వాకిట్లో, పదిమంది ఉన్నప్పుడు, నిలబడి జరిగింది చెప్తాడు. ఫోన్లో చెప్తే సరిపోదా అని అడిగాడు. "సరిపోదు. నేనూ వస్తాను. నువ్వు మింగిన మాటలు నేను చెప్తాను" అంది లలిత. ఆమె అలా అంటుందని నేను అనుకోలేదు.

అప్పటిదాకా భాస్కరానికి నా ఇంట్లో భోజనం లేదు, నా చేతి మంచినీళ్ళు కూడా లేవు అన్నాను. "అది కొంచెం ఎక్కువేమో" అన్నారు మీ బావగారు. నేను తగ్గించలేదు. "పోనీ, చెప్పొచ్చాకైనా?" అని అడిగారు. అది నేను చెప్పేది కాదు, ప్రసాదు చెప్పాలి అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. భాస్కరం కూడా తల ఊపాడు.

కాబట్టి అతన్ని క్షమించేది ఎప్పుడో నువ్వే చెప్పాలి. క్షమించమని ఈ ఇంట్లో ఎవరూ నిన్ను అడగకూడదని, నీకు తొందర లేదని కూడా నిన్న సాయంత్రమే అనుకున్నాం.

నీ క్షేమమే కోరే పెద్దక్క,
అన్నపూర్ణ

పైన రాసినదంతా నా ఎదురుగా జరిగింది. నిజం.
— మీ బావ